మూడో కిటికీ కింద పెట్టె

ఫిబ్రవరి 3

అక్కా,

ఎలా ఉన్నావు? మోకాలి నొప్పి తగ్గిందా? గోపురం మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పినా నువ్వు వినవని తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎత్తేదాకా చేద్దామనుకున్నాను గానీ, నువ్వు పంతం పడితే ఫోనే అలిసిపోతుంది. అందుకే ఉత్తరం. మా కళ్లజోళ్ల దుకాణంలో, కళ్లు పరీక్షించే గదిలో, అక్షరాల బోర్డు ముందు కూర్చుని రాస్తున్నాను. మధ్యాహ్నంపూట ఎవరూ రారు.

ముందు చిన్న విషయం. మీ చర్చి గోడలో నేనొక పెట్టె దాచాను. కంగారుపడకు, బాంబు కాదు. నేను ఆదివారాలు ఆడే ఆట ఉందే, జియోకాచింగ్, దాని కోసం. ఒకళ్లు ఎక్కడో డబ్బా దాచి, ఆ చోటు అంకెల్లో ఫోన్లో పెడతారు. మిగతావాళ్లు ఆ అంకెలు పట్టుకుని వచ్చి వెతుక్కుంటారు. దొరికాక తెరిచి చూసి, ఉన్నదున్నట్టు మళ్లీ అక్కడే పెట్టి పోతారు. అంతే. పాత కట్టడాలంటే మావాళ్లకు ప్రాణం. మూడొందల ఏళ్ల చర్చి అంటే ఎగబడి వస్తారు. పెట్టె వీధివైపు గోడకు, మూడో కిటికీ కింద, రాళ్ల సందులో ఉంది. మా దుకాణంలో ఇచ్చే కళ్లజోడు పెట్టె. అమ్మ పోయిన తర్వాతి వారం వచ్చినప్పుడు పాస్టరుగారిని అడిగే పెట్టాను. ఆటవాళ్లు ఒప్పుకుని ఫోన్లో కనిపించేలా చేయడానికి ఇన్నాళ్లు పట్టింది. దయచేసి తీసి పారెయ్యకు.

ఇక పెద్ద విషయం. అమ్మ సమాధికి రాయి పెట్టిద్దాం. వానల్లో పోయింది కదా, ఈపాటికి మట్టి దిగి గట్టిపడే ఉంటుంది. ఒక ఆదివారం వస్తాను. అమ్మ ఎక్కడుందో చూపించు. ఇద్దరం అక్కడ నిలబడి, రాయి మీద ఏం రాయించాలో అనుకుందాం. నాకు అంతకంటే ఏమీ వద్దు.

నీ చెల్లి


ఫిబ్రవరి 12

చెల్లికి,

నీ ఉత్తరం అందింది. అక్షరాల బోర్డు ముందు కూర్చుని రాశావట, అక్షరాలు మాత్రం కోడి కెలికినట్టే ఉన్నాయి.

ఫోన్ ఎందుకు ఎత్తనంటే, నువ్వు ఏడుస్తావు. నీ ఏడుపు వింటే నాకు జాలేస్తుంది. జాలిపడే తీరిక నాకు లేదు. బెంచీలు తుడవాలి, గంట కొట్టాలి, గడ్డి కొయ్యాలి, ఇంత పొడుగు తాళంచెవి మొలకు కట్టుకుని రోజంతా తిరగాలి. ఏదైనా ఉంటే రాయి.

అంటే నువ్వు ఊళ్లోకి వచ్చి, పాస్టరుగారితో కబుర్లాడి, గోడకు పెట్టె పెట్టి, అక్క గడప తొక్కకుండా పోయావన్నమాట. బాగుంది. నీ ఆటగాళ్లు అప్పుడే మొదలయ్యారు. మొన్న ఒక పొడుగాయన ఫోన్ అరచేతిలో దీపంలా పట్టుకుని, గోడ చుట్టూ ముక్కు రాసుకుంటూ తిరిగాడు. "ఏం పోయిందండీ?" అన్నాను. "ఏమీ లేదండీ, కట్టడం చూస్తున్నాను" అన్నాడు. కట్టడం చూసేవాడు కిటికీ కింద బోర్లా పడుకుంటాడా? "మంచి శిల్పం వెనకాల ఉంది బాబూ" అని ముళ్లపొదల్లోకి పంపించాను. చొక్కా చించుకుని బయటికొచ్చాడు. ఆ పూట నాకు అన్నం హాయిగా దిగింది. నీ పెట్టెను మాత్రం పారెయ్యను. ముట్టుకోను కూడా. నీ చెయ్యి పడ్డ వస్తువు నాకెందుకు?

కళ్లజోడు పెట్టె అన్నావు గనుక గుర్తొచ్చింది. అమ్మ కళ్లజోడుకు కొత్త అద్దాలు వేయిస్తానని ఎండాకాలంలో పట్టుకెళ్లావు. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేసే కూతురు! వానలొచ్చాయి గానీ కళ్లజోడు రాలేదు. చివరి రోజుల్లో అమ్మ గోడలు తడుముకుంటూ నడిచింది. నన్ను చూసి నీ పేరు పెట్టి పిలిచింది. పలికాను. ఏం చెయ్యను?

ఇక అమ్మ ఎక్కడుందంటావా. రిజిస్టర్లో పేరూ తేదీ రాస్తారు. ఎక్కడో రాయరు. అది నా పని. సమాధుల తోటలో ఉత్తరపు మూలన కొత్తగా పెట్టినవాళ్లందరికీ మట్టి దిగేదాకా తలా ఒక ఇనప మేకు, దానికి అంకె వేసిన రేకు బిళ్ల. గడ్డి కోసేటప్పుడు వరసలో మేకులు పీకి పక్కన పెడతాను, కోశాక తిరిగి పాతుతాను. ఏది ఎక్కడిదో నా తలలో ఉంటుంది. నేను కాక గోతుల తాత ఒక్కడికే తెలుసు. ఆయన పోయిన నెలలో పోయాడు. జీవితమంతా ఊరికి గోతులు తవ్వినవాడు, ఆయన గొయ్యి మాత్రం ఎవడో చేతకానివాడు వంకరగా తవ్వాడు.

అమ్మను మట్టిలో పెట్టేవేళ నువ్వు ఏ గుట్ట మీదో డబ్బా వెతుకుతున్నావు. వెతకడమంటే అంత సరదా కదా. వెతుక్కో.

అక్క


ఫిబ్రవరి 20

అక్కా,

నీ మాటలన్నీ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను.

కళ్లజోడు సంగతి నిజం. అద్దాలు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక పోస్టులో పంపితే పగులుతాయని, నేనే తెద్దామనుకున్నాను. ఈ ఆదివారం, ఆ ఆదివారం అనుకుంటూ ఆటకు పోయాను. దానికి నన్ను ఎన్ని తిట్టినా పడతాను.

కానీ ఆ రోజు సంగతి వేరు. గుట్ట మీద సిగ్నల్ లేదు. కిందికి దిగాక చూస్తే నీ ఫోన్ ఒక్కసారి వచ్చినట్టుంది. ఒక్కసారే అక్కా! మా ఇంటికి చెయ్యచ్చు, దుకాణానికి చెయ్యచ్చు, మా ఆయనకు చెయ్యచ్చు. నేను తిరిగి చేస్తే ఎత్తలేదు. మర్నాడు మీ పక్కింటి పాలావిడ ఫోన్ చేసి చెప్పింది, అయిపోయిందని.

తర్వాతి వారం నేను వచ్చి నీ తలుపు తట్టాను. లోపల దీపం ఉంది. తియ్యలేదు. గడప తొక్కకుండా పోయావని ఎలా అనగలిగావు?

సరే, ఇవన్నీ వదిలేద్దాం. ఎవరి కోపం వాళ్ల దగ్గరే ఉండనీ. నువ్వు పక్కన నిలబడి "ఇదిగో, ఇక్కడ" అని చూపిస్తే చాలు. ఒక్క మాట. చూపించడం ఇష్టం లేకపోతే, మా ఆటలో లాగా ఒక గుర్తు అయినా ఇవ్వు. దాచినవాళ్లు వెతికేవాళ్ల మీద ఆమాత్రం దయ చూపిస్తారు.

నీ చెల్లి


మార్చి 2

చెల్లికి,

తట్టావో లేదో దేవుడికెరుక. ఆ రోజు నేను పైన గంట ఇరుసుకు నూనె పెడుతున్నానేమో. అయినా నేను ఒకసారి ఫోన్ చేస్తే తప్పు, నువ్వు ఒకసారి తలుపు తట్టి పోతే తప్పు కాదు. అమ్మ చావుకు ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలో మీ పట్నంలో లెక్క ఉంటే రాసి పంపు.

మొన్న నీ ఆటకు భార్యాభర్తలు వచ్చారు. ఆవిడ రాతిసందులోంచి నీ పెట్టె తీసి తెరిచింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. చూసి, ఆయన టోపీ తీశాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. దుమ్ము పడి ఉంటుంది, ఆ గోడ సున్నం అలా రాలుతుంది. ఏం పెట్టావే అందులో, ఉల్లిపాయా? నాకు చెప్పకు, నాకు అక్కర్లేదు.

గుర్తు కావాలన్నావు. ఇస్తాను, మరీ అంత రాయిని కాదు. రాసుకో.

చిన్నతలుపుకు వీపు ఆనించి నిలబడు. అమ్మ ఏ పక్కకు తిరిగి పడుకునేదో ఆ పక్కకు నడువు. గోడ ఎప్పుడూ ఏడుస్తున్నట్టు తడిగా ఉండే చోట ఆగు. అక్కడి నుంచి చూస్తే ఒక మేకు బిళ్ల మీద 17 అని ఉంటుంది. అదే.

అమ్మ ఏ పక్కకు తిరిగి పడుకునేదో గుర్తుందా, లేక అది కూడా ఫోన్లో చూడాలా? గురువారం రా. ఆ రోజు నేను ఊళ్లో ఉండను, సంతకు వెళ్తాను. గేటు తాళం తీసి ఉంచుతాను.

అక్క


మార్చి 14

అక్కా,

వచ్చాను. అమ్మ ఎడమవైపు తిరిగి పడుకునేది. కుడి చెవి పైకి ఉండాలి, మనం రాత్రిళ్లు లేచామంటే వినపడాలి. ఇది ఫోన్లో దొరకదు.

తడిగోడ దగ్గర పదిహేడో నంబరు మేకు దొరికింది. గడ్డిలో కూర్చున్నాను. చాలాసేపు ఏడ్చాను. ఎండ తిరిగేదాకా లేవలేదు. గోపురం కిటికీలోంచి పావురాలు ఒక్కసారిగా లేచిపోయాయి, పైన ఎవరో కదిలినట్టు. నువ్వు సంతలో ఉన్నావు కదా, గాలే అయి ఉంటుంది.

చాలా రుణపడి ఉన్నాను. ఇంకా ఏమైనా చెప్పాలనుంటే చెప్పు అక్కా. ఎదురుచూస్తాను.

నీ చెల్లి


మార్చి 22

చెల్లికి,

ఇంకా ఏమైనా చెప్పాలా అన్నావు. చెప్తాను. కూర్చుని చదువు.

గోపురం కిటికీలో నేనే ఉన్నాను. అంతా చూశాను. గడ్డి మీద పడి, భుజాలు అదురుతుంటే ఏడ్చావు. చేతిరుమాలు సరిపోక చున్నీ కొంగు పట్టావు. పావురాలు ఎందుకు లేచాయో తెలుసా? నేను నవ్వాను.

ఆ మేకు కింద ఉన్నది అమ్మ కాదే. మిషనావిడ.

అవును, మన గోడవతల ఉండే కుట్టుమిషను ఆవిడే. అమ్మ పెళ్లిబట్టలు బిగుతుగా కుట్టి, తన కుట్టు తప్పు కాదు, పెళ్లికూతురే పెరిగిందని వీధి వీధంతా చెప్పింది చూడు, ఆవిడ. అమ్మ నలభై ఏళ్లు ఆవిడ మొహం చూడలేదు. ఆవిడ కిటికీ తెరిస్తే అమ్మ మన కిటికీ మూసేది. ఆవిడ మీద పడి నువ్వు ఎండ తిరిగేదాకా ఏడ్చావు! అమ్మ చూసి ఉంటే లేచి వచ్చేది.

పదిహేడు అమ్మ మేకే. నువ్వు వస్తావని ముందురోజు పీకి మిషనావిడ మీద పాతాను. ఇప్పుడు మళ్లీ పీకి ఇంకోచోట పాతాను. ఇంకోసారి వచ్చినా దొరకదు. నీకు సరదాగా ఉంటుందని, మిగతావి కూడా కాస్త అటూ ఇటూ చేశాను. ఎన్ని మార్చినా నా తలలో ఉన్నది నా తలలోనే ఉంటుంది.

అమ్మ గోడలు తడుముకుంది. ఇప్పుడు నువ్వు గడ్డి తడుముకో.

అక్క


మార్చి 30

అక్కా,

నువ్వు నవ్వావని రాశావు. సంతోషం.

నువ్వు మార్చినది మేకునే. అమ్మను కాదు.

ఇక రాయను.

చెల్లి


ఆగస్టు 21

చెల్లికి,

ఎలా ఉన్నావు? మరిదిగారు ఎలా ఉన్నారు? మీకు అక్కడ వానలు పడుతున్నాయా? ఇక్కడ దంచేస్తున్నాయి. నా మోకాలు వాన కంటే ముందే చెప్తోంది.

నువ్వు రాయనన్నావు. రాయకపోయినా చదువుతావు కదా.

గోపురానికి పగులు పడిందని కమిటీవాళ్లు రిపేరు పెట్టారు. మేస్త్రీలు వచ్చి ఎండాకాలం నుంచి ఇక్కడే ఉన్నారు. గంట దించారు. గంట మోగకపోతే ఊరికి పొద్దు తెలియడం లేదు, నాకు పనీ తోచడం లేదు. తడిగోడ పడిపోతుందని దాన్ని కూల్చి కొత్తది కట్టారు. తడి పోయింది. రాళ్లన్నీ ఉత్తరం మూలలో పోశారు. బండి తోయడానికి అడ్డమని మేకులన్నీ పీకి ఒక బకెట్లో వేశారు. నేను చూసేసరికి బకెట్లో నీళ్లు, నీళ్లలో మేకులు. వాళ్లను నేను తిట్టిన తిట్లకు పాస్టరుగారు కిటికీ వేసుకున్నారు.

కమిటీ ఇంకో తీర్మానం చేసింది. సెప్టెంబరు ఆఖరుకల్లా ఎవరివాళ్లకు వాళ్లు రాయి పెట్టుకోవాలి. అక్టోబరు ఒకటిన ఆ మూలంతా చదును చేసి గడ్డి పరిచేస్తారు. ఆ తర్వాత అక్కడ తవ్వకూడదు. రాయి ఉన్నవాళ్ల పక్కన మాత్రం సొంతవాళ్లకు చోటు ఉంచుతారట.

అమ్మకు రాయి నేను చేయించాను. బాగా వచ్చింది. నా గది ముందు గోడకు ఆనించి ఉంది.

ఊరికే అడుగుతున్నాను. మీ ఆటలో, చాలా రోజుల కిందటి చోటును మళ్లీ ఎలా కనిపెడతారు? గుర్తులన్నీ పోయాక కూడా ఆ ఫోను చెప్తుందా? మట్టి కింద ఏముందో చెప్పే ఫోన్లు ఏమైనా ఉన్నాయా?

నీ పెట్టె జాగ్రత్తగానే ఉంది. వీధివైపు గోడ జోలికి మేస్త్రీలు పోలేదు.

అక్క


ఆగస్టు 30

అక్కా,

మేమంతా కులాసా. నీ మోకాలికి మందు పంపిస్తున్నాను, రోజుకు రెండుపూటలా రాసుకో.

రాయి చేయించావని చదివి చాలా సంతోషించాను. దాన్ని గోడకు ఆనించి ఎందుకు పెట్టావు? ఇన్ని రోజులు వానలో తడిస్తే అక్షరాల్లో నాచు పడుతుంది. మేస్త్రీలు అక్కడే ఉన్నారు కదా, చోటు చూపించి పాతించెయ్యి.

మేకులు పోతే ఏం? నీ తలలో ఉందన్నావుగా. రిజిస్టరు కంటే నువ్వే నయం. మట్టి కింద చూసే ఫోన్లు నీకెందుకు?

నీ చెల్లి


సెప్టెంబరు 9

చెల్లికి,

నువ్వు కావాలనే అడుగుతున్నావని తెలుసు. నా నోటితో చెప్పించాలని. సరే, చెప్తాను.

నాకు తెలియడం లేదు.

నీ మీద కోపంతో మేకులు మార్చి మార్చి, నా తలలో కూడా మారిపోయాయి. నువ్వు రాయనన్నాక కూడా, చెప్పకుండా వస్తావేమోనని ఇంకోసారి మార్చాను. తడిగోడ ఉన్నన్నాళ్లు, అక్కడి నుంచి చూసుకుంటే తెలుస్తుందిలే అనుకున్నాను. గోడ పోయింది. రాళ్లు ఎత్తాక చూస్తే నేల అంతా ఒక్కలాగే ఉంది. పొద్దున లేచి వెళ్లి నిలబడితే, ఇక్కడే అనిపిస్తుంది. నాలుగు అడుగులు వేశాక, కాదు, ఇక్కడ అనిపిస్తుంది. ఇనప కడ్డీ గుచ్చి చూశాను. గుచ్చగానే, అది అమ్మకు తగిలితే? అని కడ్డీ పారేసి వచ్చాను.

మేస్త్రీ రోజూ అడుగుతున్నాడు, "రాయి ఎక్కడ పాతమంటారమ్మా?" అని. రేపు, రేపు అంటున్నాను. ఎక్కడో ఒకచోట పాతేస్తే ఊళ్లో ఎవరికీ తెలియదు. నాకు తెలుస్తుంది.

ఇంకొకటి నీకు చెప్పలేదు. అమ్మ పక్కన ఖాళీగా కాస్త చోటు ఉంచమని ఆ రోజే గోతుల తాతకు చెప్పాను. నాకోసం. నాకు మొగుడా, పిల్లలా? ఇన్నేళ్లు అమ్మ మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నదాన్ని. పోయాక కూడా అలాగే పడుకుంటాను అనుకున్నాను. అదొక్కటే అనుకున్నాను. ఇప్పుడు తప్పుచోట రాయి పెడితే నేను వెళ్లి మిషనావిడ పక్కన పడుకోవాలి. నవ్వుతున్నావా? నవ్వు.

నీకు ఫోన్ చేశాను. ఒక్కసారి కాదు. పొద్దునా సాయంత్రమూ చేస్తున్నాను. దుకాణానికి చేశాను. మరిదిగారికి చేశాను, పనిలో ఉన్నానన్నారు. నువ్వు ఎత్తడం లేదు.

నీ ఆటవాళ్లలో ఎవరికైనా తెలుస్తుందా? పాత ఫొటోల్లో ఏమైనా పడిందా? ఎవరినైనా అడుగు. నీ కాళ్లు పట్టుకుంటాను అనను, నీకు తెలుసు నేను అలా అనను. కానీ అడుగు.

అక్క


సెప్టెంబరు 19

అక్కా,

ఎవరినీ అడగక్కర్లేదు. నాకు తెలుసు.

అమ్మను పెట్టిన తర్వాతి వారం నేను వచ్చి నీ తలుపు తట్టానని రాశాను. ఒకసారి కాదు, చెయ్యి నొప్పి పుట్టేదాకా తట్టాను. నువ్వు తియ్యకపోతే సమాధులవైపు తిరిగాను. గోతుల తాత పార కడుక్కుంటున్నాడు. "మీ అమ్మ దగ్గరికా? రా తల్లీ" అని చెయ్యి పట్టి తీసుకెళ్లాడు. మట్టి ఇంకా ఎత్తుగానే ఉంది. పక్కన ఖాళీ చూపించి "ఇది మీ అక్కకట" అన్నాడు. నేను అక్కడ నిలబడి, ఫోన్ తీసి, ఆ చోటు అంకెల్లో దాచుకున్నాను. నేను ఆ ఆటే కదా ఆడతాను.

అంటే మొదటి ఉత్తరం రాసే నాటికే నాకు తెలుసు. తెలియక అడగలేదు. నువ్వు నా పక్కన నిలబడి "ఇదిగో" అంటే, నన్ను క్షమించావని అనుకుందామని అడిగాను. ఆ గురువారం మీ చిన్నతలుపు దగ్గర నుంచి నడుస్తుంటే ఫోన్ జేబులోనే ఉంది. పదిహేడో మేకు అమ్మ మీద లేదని, చూడగానే తెలిసింది. అమ్మ ఎక్కడుందో అక్కడ మేకే లేదు. నేను ఏడ్చింది మిషనావిడ కోసం కాదు, అమ్మ కోసమూ కాదు. నువ్వు మోకాళ్ల నొప్పితో వంగి, అమ్మ మేకు పీకి, మోసుకెళ్లి, ఇంకొకరి మీద పాతావు చూడు, దానికి. పైన నువ్వు నవ్వడం కూడా వినబడింది. అయినా ఇంటికొచ్చి, ఇంకా ఏమైనా చెప్పాలనుంటే చెప్పమని రాశాను. అదే ఆఖరు అవకాశం అనుకుని రాశాను. నువ్వు ఏం రాశావో నీకు గుర్తుందిగా.

ఫోన్లు చేస్తున్నావు. ఎత్తను. నువ్వు ఏడుస్తావు. నీ ఏడుపు వింటే నాకు జాలేస్తుంది. నాకు జాలిపడే తీరిక లేదు. ఏదైనా ఉంటే రాయి.

మరీ అంత రాయిని కాదు, గుర్తు ఇస్తాను. చిన్నతలుపుకు వీపు ఆనించి నిలబడు. అమ్మ ఏ పక్కకు తిరిగి పడుకునేది కాదో, ఆ పక్కకు నడువు. గేటు దాటి వీధిలోకి రా. మూడో కిటికీ కింద ఆగు. నువ్వు ముట్టుకోనన్న పెట్టె తెరువు. ముక్కూ మొహం తెలియనివాళ్లంతా తెరిచి చూశారు. నువ్వు ఒక్కదానివే చూడలేదు.

చెల్లి


సెప్టెంబరు 27

చెల్లీ,

నీ ఉత్తరం అందిన రోజే వెళ్లలేదు. రెండు రోజులు బిగించుకుని కూర్చున్నాను. తర్వాత వెళ్లాను. సందులో చెయ్యి పెడితే ఒక సాలెపురుగు పాకింది. పెట్టె తీశాను.

అమ్మ కళ్లజోడు. కొత్త అద్దాలు. ఎడమ పక్క కాడకు అమ్మ చుట్టిన తెల్లదారం అలాగే ఉంది. "ఇది మా అమ్మది. ఇవ్వడం ఆలస్యమైంది. తీసుకెళ్లకండి" అని మూతలో నీ కోడి గీతలు.

ఆ టోపీ ఆయన ఎందుకు టోపీ తీశాడో తెలిసింది. అలాంటివాళ్లను నేను ముళ్లల్లోకి పంపాను.

పెట్టెలో ఇంకో గుర్తు ఉంటుందని అంతా వెతికాను. అడుగున గుడ్డ కూడా ఊడబీకాను. ఏమీ లేదు. గోడ సందులో చెయ్యి మళ్లీ పెట్టాను, మోచెయ్యి దాకా. ఏమీ లేదు. నువ్వు నన్ను అక్కడికే తీసుకురావాలనుకున్నావు, అంతే కదా.

కళ్లజోడు పెట్టుకుని ఉత్తరం మూలకు వెళ్లి నిలబడ్డాను. అమ్మ కళ్లకు పెట్టిన అద్దాలు, నా కళ్లకు అంతా మసకే. గడ్డి మసక, కొత్త గోడ మసక. చేతులు చాచి నడిచాను, అమ్మ నడిచినట్టు. మేస్త్రీ చూసి పని ఆపాడు. సిగ్గనిపించలేదు.

గడ్డి చాపలు లారీలో వచ్చేశాయి. చుట్టలు చుట్టి నా గది పక్కనే పేర్చారు, అమ్మ రాయి వాటి వెనక్కి పోయింది. నాలుగు రోజుల్లో పరుస్తారట. పాస్టరుగారిని ఆపమని అడిగాను. ఎందుకని అడిగారు. చెప్పలేకపోయాను.

నాకు పక్కన చోటు వద్దు. అది నువ్వే ఉంచుకో. నన్ను ఎక్కడ పడేసినా ఫరవాలేదు, మిషనావిడ పక్కనైనా సరే. రాయి మాత్రం అమ్మ మీద పడాలి. ఫోన్ ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను. మోగితే ఎత్తుతాను. ఏడవను. ఒట్టు, ఏడవను.

అమ్మ ఎక్కడే?

అక్క